సెకండ్ హ్యాండ్ డబుల్ బ్యారెల్ కొంటున్నారా? లోపం ఎక్కడుందో, మందేంటో

కోనసీమలో అయినా, భీమవరం, తణుకు వైపు అయినా తక్కువ ధరకు దొరికే డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకి) అంటే దాదాపుగా తాతల నాటి తుపాకే. ఒకప్పుడు కొల్లేట్లో పరజల కోసం, వరిచేలల్లో ఉల్లంకి పిట్టల కోసం కొన్నవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ సరదా వేట నేరం. చేలో అడవిపంది పడినా, 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే తుపాకి ఎత్తాలి. కాబట్టి "వేటకి కూడా బాగుంటుందండీ" అన్న మాటకి పైసా ఎక్కువ పెట్టకండి. క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరిన బిళ్లని పేల్చి పగలగొట్టే ఆటకి, పనికొస్తుందా అన్నదే చూడండి.

ఏది చూసినా ముందు తుపాకి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని కళ్లతో చూశాకే.

మూసి ఊపితే లొడలొడ

గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క తీసేసి, తుపాకి మూసి, బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. చెక్క ఉంటే ఈ వదులు దాగిపోతుంది. కదిలిందంటే గొట్టాలు తిరిగే పిన్ను గానీ, బిగించే కొక్కెం గానీ అరిగింది. మూశాక తుపాకి తెరిచే పై లివర్ నడిమికి కాస్త కుడిపక్కన ఆగితే ఇంకా ఆయుష్షుంది. ఎడమకి పోయిందంటే బాగా వాడేశారు. వెలుతురుకి ఎత్తితే గొట్టాలకీ బాడీకీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించిందా, ఇక బేరమాడొద్దు. ఇది లైసెన్స్ ఉన్న మెకానిక్ చేయాల్సిన రిపేరు, ఆ ఖర్చు చాలాసార్లు తుపాకి ధరకే దగ్గరగా పోతుంది.

తూటా సులువుగా పోతుంది, పేలిస్తే భుజం ఊడిపోతుంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి ఛాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. ఇప్పుడు దొరికే తూటాలు ఎక్కువగా 70 మి.మీ. మోసం ఎక్కడంటే, 70 అనేది పేలి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలక ముందు మూతి మడిచి ఉంటుంది కనుక పొట్టి ఛాంబర్లో కూడా దర్జాగా కూర్చుంటుంది. పేలగానే ఆ మడత, ఛాంబర్ ముందు గొట్టం సన్నబడే చోట విచ్చుకుంటుంది. గుళ్లు ఆ ఇరుకులోంచే తోసుకుని పోవాలి, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

గొట్టాలు విడదీసి అడుగున చదునుగా ఉన్న భాగం మీద ముద్రలు చదవండి. 2½ అనో 65 అనో ఉంటే ఆ కొలత తూటాలే వాడాలి. అవి మీకు దొరకవనుకుంటే ఆ తుపాకి వదిలేయండి. "ఛాంబర్ తొలిపించేద్దాం" అనే సలహా వినొద్దు, గోడ పలచబడుతుంది. గొట్టం ఒంటి మీద పాము చర్మంలా మెలికల గీతలుంటే అది డమాస్కస్ రకం (ఇనుము, ఉక్కు పట్టీలు మెలివేసి చేసిన పాతకాలపు గొట్టం), ఇప్పటి తూటాలకి పెట్టొద్దు. గోడకి తగిలించుకుందామన్నా సరే, లైసెన్స్ ఉండాల్సిందే.

గొట్టం లోపల మచ్చలు

మన ఉప్పుగాలికీ, వర్షాకాలం చెమ్మకీ తుప్పు మామూలే. అంతర్వేది, నరసాపురం వైపు మరీను. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసిన తుపాకి నెలల తర్వాత ఇంటికొస్తుంది. నూనె రాయకుండా ఇచ్చి ఉంటే అంతే సంగతులు. కిటికీ వెలుతురుకి గొట్టం ఎత్తి లోపలికి చూడండి. వెలుగు వలయాలు గుండ్రంగా కనిపించాలి. ఒకచోట వంకర తిరిగితే అక్కడ నొక్కు ఉంది. పైపై మచ్చలైతే ఇత్తడి బ్రష్, నూనెతో పోతాయి. గుంటలు పడితే పోవు. ఛాంబర్లో గుంటలుంటే పేలిన తూటా బయటకి రాక ఇరుక్కుంటుంది. తోలు కవర్లో మాత్రం దాచకండి, చెమ్మ పట్టేస్తుంది.

నొక్కితే పేలలేదు

మూతి క్షేమమైన వైపు ఉంచి అర నిమిషం ఆగి, అప్పుడు తెరవండి. తూటా వెనక, పిన్ను కొట్టే క్యాప్ చూడండి. లోతుగా నొక్కు పడీ పేలకపోతే తప్పు తూటాది, నిల్వలో చెమ్మ తగిలింది. పైపైన గీరినట్టుంటే స్ప్రింగ్ నీరసపడింది లేదా పిన్ను అరిగింది. ఒక ట్రిగ్గర్ నొక్కితే రెండూ పేలితే మాత్రం అక్కడితో ఆపేసి మెకానిక్‌కి ఇవ్వండి.

అన్నీ బాగున్నాయి, క్లే మాత్రం పగలదు

చాలాసార్లు బట్ దిగువకి వంగి ఉండటమే కారణం. కళ్లు మూసుకుని ఖాళీ తుపాకి భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవండి. గొట్టాల మధ్య పట్టీ కాస్త కనిపించాలి. లివర్ వెనకభాగం మాత్రమే కనిపిస్తే దెబ్బ కిందకి పోతుంది. ట్రాప్ అనే క్లే పోటీలో బిళ్ల మనకి దూరంగా పైకి లేస్తూ పోతుంది కాబట్టి అక్కడ మరీ నష్టం. చెంప ఆనే చోట ప్యాడ్ వేసి ఎత్తు పెంచితే చాలు, వందల్లో పోయే ఖర్చు. రెండో కారణం చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు. పాత తుపాకుల్లో ఎడమ గొట్టం మూతి బిగువుగా ఉంటుంది. ట్రాప్‌కి అది మంచిదే. బిళ్లని దగ్గర్లో పగలగొట్టాల్సిన స్కీట్ అనే పోటీకి మాత్రం గుళ్లు విచ్చుకోక తప్పిపోతాయి. 110 మి.మీ. బిళ్లకి పెద్ద గుళ్లుండే ఎల్‌జీ, ఎస్‌జీ తూటాలెందుకు, 8వ నంబరు సన్న గుళ్లు తీసుకోండి.

అమ్మేవాడి కాగితం తాతగారి పేరున ఉంది

అయితే డబ్బు చేతికివ్వొద్దు. ముందు వారసుడి పేరున లైసెన్స్ రావాలి, అది 2016 ఆయుధ నిబంధనల్లోనే ఉంది. లైసెన్స్‌దారు నుంచి లైసెన్స్‌దారుకి అమ్మాలన్నా ముందుగా కలెక్టర్‌కి గానీ దగ్గర్లోని స్టేషన్‌కి గానీ రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు. మీ పేరున ఇప్పటికే రెండుంటే ఈ బేరం మొదలుపెట్టకండి.