గురుగ్రహం తోకలో ప్లాస్మాయిడ్లు వెతకడం మొదలుపెట్టే ముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి

గురుడి దగ్గరికి పంపిన జూనో వ్యోమనౌక మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) డేటా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో అందరికీ అందుబాటులో ఉంది, అంతకుముందు గురుడి దగ్గరికి వెళ్ళిన గెలీలియోదీ, శని దగ్గరికి వెళ్ళిన కాసినీదీ కూడా అక్కడే దొరుకుతాయి. అందుకే ప్రాజెక్టు కోసమో పేపర్ కోసమో చాలామంది నేరుగా ప్లాట్లు గీసి, గురుడి తోకలో (రాత్రి వైపు సాగిన అయస్కాంతావరణ భాగం) రీకనెక్షన్ ఈవెంట్లు, అంటే క్షేత్ర రేఖలు తెగి మళ్ళీ కలుసుకున్న ఘటనలు ఏరడం మొదలుపెట్టేస్తున్నారు. ఉత్సాహం మంచిదే. కానీ క్షేత్రంలో ఒక భాగం గుర్తు మారినంత మాత్రాన రీకనెక్షన్ జరిగినట్టు కాదు, దీన్ని పట్టించుకోకుండా చేసిన లిస్టు ఎంత పొడవున్నా దాని మీద కట్టిన లెక్కలన్నీ కూలిపోతాయి.

ముందు అక్కడ ఏం జరుగుతుందో మనసులో స్పష్టంగా ఉండాలి. గురుడి ఉపగ్రహం అయో అగ్నిపర్వతాల నుంచి వచ్చే సల్ఫర్, ఆక్సిజన్ పదార్థం సెకనుకి దాదాపు ఒక టన్ను చొప్పున గురుడి అయస్కాంతావరణంలో చేరుతుంది. అది అయనీకరణం చెంది, 10 గంటల లోపే ఒక చుట్టు తిరిగే గ్రహంతో పాటు తిరుగుతూ మెల్లగా బయటికి జరుగుతుంది, క్షేత్ర రేఖలను కూడా తనతో పాటు సాగదీస్తుంది. రాత్రి వైపు ఆ రేఖలు మరీ సాగినప్పుడు ఎదురెదురు దిశల్లో ఉన్నవి తెగి మళ్ళీ కలుసుకుంటాయి, విడిపోయిన ప్లాస్మా ముద్ద, అంటే ప్లాస్మాయిడ్, తోక వెంట వెళ్ళిపోతుంది. వాసిలియునాస్ 1983లో వివరించిన చక్రం ఇదే. భూమి దగ్గర సౌరగాలి నడిపించే డంజీ చక్రాన్ని (1961) చదువుకుని వచ్చినవాళ్ళు అదే బొమ్మను పెద్దది చేసి ఇక్కడ అతికిస్తారు, అది వద్దు. ఇక్కడ ప్రధానంగా పని చేసేది లోపలి నుంచి వచ్చే బరువు, గ్రహభ్రమణం.

గుర్తుల సంగతి మొదటిరోజే తేల్చుకోండి. గురుడి అయస్కాంత ద్విధ్రువం దిశ భూమిదానికి వ్యతిరేకం, కాబట్టి మధ్యరేఖ దగ్గర మామూలుగా ఉండే క్షేత్రం దక్షిణం వైపు ఉంటుంది. గోళ నిరూపకాల్లో క్షేత్రపు ఉత్తర-దక్షిణ భాగమైన బీ-తీటా దక్షిణానికి ధనాత్మకం కనుక, తోకలో ప్రశాంతంగా ఉన్నప్పుడు అది ధనంగా ఉండాలి. తోక చివరి వైపు పోతున్న ప్లాస్మాయిడ్ వ్యోమనౌకను దాటితే ముందు ధనం, తర్వాత రుణం కనిపిస్తుంది. గ్రహం వైపు వస్తుంటే ముందు రుణం, తర్వాత ధనం. భూమి కోసం రాసిన కోడ్ తెచ్చి అలాగే వాడితే దిశలన్నీ తలకిందులవుతాయి, పైగా ప్లాట్ చూడటానికి బాగానే ఉంటుంది కాబట్టి తప్పు ఎవరి కంటికీ పడదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ద్విధ్రువం భ్రమణాక్షానికి దాదాపు 10 డిగ్రీలు వంగి ఉండటం వల్ల కరెంట్ షీట్ (ఎదురెదురు క్షేత్రాల మధ్య విద్యుత్ ప్రవహించే పలచని పొర) ఒరిగి తిరిగే బొంగరం అంచులా పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, ఒక చుట్టులో మధ్యరేఖ దగ్గరున్న వ్యోమనౌకను మామూలుగా రెండుసార్లు దాటుతుంది. దాటిన ప్రతిసారీ బీ-ఆర్ (గ్రహం నుంచి బయటికి ఉండే క్షేత్ర భాగం) గుర్తు మారుతుంది, ప్లాస్మా సాంద్రత పెరుగుతుంది, శక్తిమంతమైన కణాలు కూడా పెరుగుతాయి. ఇవేవీ ఈవెంట్లు కావు. దీనికి తోడు షీట్ మీద అలలు కూడా ఉంటాయి, అంటే ఆ క్షణంలో షీట్ లంబం మనం అనుకున్న దిశలో ఉండకపోవచ్చు. చిన్న లెక్క చేసి చూడండి. షీట్‌కి రెండు వైపులా క్షేత్రం +5, −5 నానోటెస్లా, షీట్‌కి లంబంగా 1.5 నానోటెస్లా ఉన్నాయనుకుందాం. షీట్ 20 డిగ్రీలు వంగి ఉంటే ఆ 5లో 1.7 నానోటెస్లా బీ-తీటాలోకి చొరబడుతుంది, లంబ భాగం 1.4కి తగ్గుతుంది. అంటే వ్యోమనౌక ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వెళ్ళేసరికి బీ-తీటా 3.1 నుంచి −0.3కి పడిపోతుంది. రీకనెక్షన్ లేదు, ప్లాస్మాయిడ్ లేదు, కానీ ప్లాట్ మీద ధనం నుంచి రుణానికి మారే చక్కటి సంకేతం కనిపిస్తుంది! కాబట్టి బీ-తీటా మలుపు బీ-ఆర్ మలుపుతో కలిసి నడుస్తోందా అని ప్రతి ఈవెంట్‌కీ చూడండి. నడుస్తుంటే అనుమానించాల్సిందే. ముందు షీట్ స్థానిక లంబాన్ని కనుక్కుని క్షేత్రాన్ని ఆ దిశకి తిప్పి, అప్పటికీ రుణం మిగిలితేనే లిస్టులో పెట్టండి. బీ-ఫైని (భ్రమణ దిశలో ఉండే క్షేత్ర భాగం) కూడా వదలొద్దు. క్షేత్ర రేఖలు భ్రమణానికి వెనకబడి వంగి ఉంటాయి కాబట్టి అది మామూలుగా బీ-ఆర్‌కి వ్యతిరేక గుర్తుతో ఉంటుంది, ఆ సంబంధం ఎక్కడ చెదిరిందో చూస్తే చాలా తెలుస్తుంది.

శని దగ్గర ద్విధ్రువం భ్రమణాక్షంతో దాదాపు పూర్తిగా కలిసిపోయి ఉంటుంది కదా, అక్కడ ఈ టెన్షన్ ఉండదనుకోవద్దు. అక్కడ కూడా దాదాపు 10.7 గంటలకోసారి క్షేత్రం ఊగుతుంది, ఋతువును బట్టి షీట్ గిన్నె ఆకారంలో వంగుతుంది.

సగటు డేటా విషయంలో యురేనస్ కథ గుర్తుంచుకోండి. వాయేజర్ 2 1986 జనవరిలో ఆ గ్రహాన్ని దాటింది. ఆ 45 గంటల ప్రయాణంలో కేవలం 60 సెకన్ల పాటు కనిపించిన ఒక మలుపును నాసా శాస్త్రవేత్తలు గినా డిబ్రాచియో, డాన్ గెర్ష్‌మన్ ముప్పై ఏళ్ళు దాటాక పట్టుకున్నారు, అది కూడా ప్రతి 1.92 సెకన్లకి ఒక బిందువు చొప్పున మళ్ళీ గీసి చూశాక. కనీసం 2,04,000 కిలోమీటర్ల పొడవున్న ప్లాస్మాయిడ్ అది. జూనో డేటాలో కూడా ఒక నిమిషం లోపే దాటిపోయే చిన్న ఫ్లక్స్ రోప్‌లు (తాడులా మెలితిరిగిన క్షేత్ర రేఖల కట్టలు) దొరికాయి. ఒక నిమిషం సగటు ఫైల్ దించుకుని పని మొదలుపెడితే అవి మీకు ఎప్పటికీ కనపడవు. ఆ తర్వాత చిన్నవి లేవని రాయడం మరీ అన్యాయం. గెలీలియో ప్రధాన యాంటెన్నా విచ్చుకోకపోవడంతో దాని డేటా చాలాచోట్ల పలచగా ఉంటుంది, రెండు నౌకల లిస్టులు పోల్చే ముందు ఇది తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. జూనో నిమిషానికి రెండు చుట్లు తిరుగుతుంది, కాబట్టి 30 సెకన్ల ఆవర్తనంతో ఏదైనా కనిపిస్తే ముందు నౌక భ్రమణం మిగిల్చిన అవశేషమేమో చూడండి. డేటా క్వాలిటీ ఫ్లాగులు, సెన్సర్ రేంజ్ మారిన సమయాలు కూడా పక్కనే పెట్టుకోండి.

మినిమమ్ వేరియన్స్ విశ్లేషణ (క్షేత్రం అతి తక్కువగా మారే దిశను వెతికే పద్ధతి) అందరూ వాడతారు, కానీ అది ఏ డేటా ఇచ్చినా ఏదో ఒక అక్షం చెబుతుంది. మధ్య, కనిష్ఠ ఐగెన్ విలువలు (ఒక్కో అక్షం వెంట క్షేత్రం ఎంత మారుతుందో చెప్పే అంకెలు) దగ్గరదగ్గరగా ఉంటే ఆ అక్షానికి అర్థం లేదు. సమయ విండోని అటూ ఇటూ కొంచెం జరిపి మళ్ళీ చేయండి, అక్షం పది డిగ్రీలు కదిలితే ఫర్వాలేదు, యాభై డిగ్రీలు కదిలితే వదిలేయండి. మధ్యలో క్షేత్రం బలపడితే ఫ్లక్స్ రోప్ అనొచ్చు, బలహీనపడితే మూసుకున్న లూప్ లాంటిది కావచ్చు. ఇక నౌక ప్లాస్మాయిడ్ లోపలికి వెళ్ళకుండా బయట లోబ్‌లో (షీట్‌కి పైనా కిందా ఉండే తోక భాగం) ఉంటే క్షేత్రం నొక్కుకుపోయిన ఉబ్బు మాత్రమే కనిపిస్తుంది, వాటిని వేరే కాలమ్‌లో రాయండి, కలపొద్దు.

సైజు చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. మన చేతిలో ఉన్నది ఒక్క నౌక, అది కొలిచేది సమయమే. 2014లో గెలీలియో డేటా మీద వచ్చిన అధ్యయనంలో 43 ప్లాస్మాయిడ్ల సగటు వ్యవధి 6.8 నిమిషాలు, సగటు వ్యాసం 2.6 గురు వ్యాసార్ధాలు. అంటే 408 సెకన్లలో దాదాపు 1,86,000 కిలోమీటర్లు, సెకనుకి సుమారు 450 కిలోమీటర్ల వేగం. అదే వ్యవధికి సెకనుకి 200 కిలోమీటర్ల వేగం పెడితే సైజు 1.1 వ్యాసార్ధాలకి పడిపోతుంది, ఘనపరిమాణం పది రెట్లకు పైగా తగ్గిపోతుంది. అందుకే వ్యవధిని ఎప్పుడూ సైజు పక్కనే ఇవ్వండి, వేగం కొలిచారో ఊహించారో అక్కడే చెప్పండి. లెక్కపెట్టిన ప్లాస్మాయిడ్లు మోసుకెళ్ళే ద్రవ్యరాశి అయో ఇచ్చేదానికంటే బాగా తక్కువగానే వస్తుంది. ఆ తేడా పూడ్చాలన్న కోరికతో వేగమో పొడవో పెంచుకుంటూ పోవడం నాకు అన్నిటికంటే భయం కలిగించే తప్పు. ఆ లోటు నిజమైన ప్రశ్న, దాన్ని అలాగే ఉంచాలి. చిన్న చిన్న ముద్దలుగా కారిపోతోందా, అయస్కాంతావరణం అంచుల వెంట జారిపోతోందా అన్నది అలా ఉంచితేనే ఎవరైనా తేలుస్తారు.

ఎక్కడ ఎక్కువ జరుగుతున్నాయో చెప్పే మ్యాప్ గీసే ముందు నౌక అక్కడ ఎన్ని గంటలు గడిపిందో దాంతో భాగించండి. జూనో మొదట్లో ఉదయం వైపు ఎక్కువగా ఉంది, తర్వాత కక్ష్య అర్ధరాత్రి వైపు జరిగింది, అపోజోవ్ (కక్ష్యలో గురుడికి అతి దూరపు బిందువు) దక్షిణానికి దిగుతూ పోయింది. షీట్ దగ్గర గడిపిన సమయాన్ని విడిగా లెక్కించకపోతే మీ మ్యాప్ ప్లాస్మాయిడ్ల బదులు కక్ష్యను చూపిస్తుంది.

హబుల్ టెలిస్కోప్ తీసిన గురుడి అరోరా (ధ్రువకాంతి) చిత్రాలతో పోల్చేవాళ్ళు కాంతి ప్రయాణ సమయాన్ని తీసేయడం మర్చిపోవద్దు, దూరాన్ని బట్టి అది దాదాపు 33 నుంచి 54 నిమిషాలు. ఏడు నిమిషాల సంఘటనకి అరగంట పొరపాటు అంటే వేరే సంఘటనతో పోల్చినట్టే. సౌరగాలి కారణమని రాయాలంటే ఇంకా ఆలోచించాలి, ఎందుకంటే గురుడికి ఎదురుగా సౌరగాలిని ముందే కొలిచే కాపలా నౌక లేదు. భూమి దగ్గర కొలిచినదాన్ని మోడల్‌తో అక్కడికి తీసుకెళ్ళాలి, సూర్యుడు, భూమి, గురుడు ఒకే వరుసకి దగ్గరగా లేనప్పుడు రాక సమయంలో పొరపాటు ఒక రోజు దాటిపోవచ్చు.

ఈవెంట్లను ఎంచుకునే ప్రమాణాలు డేటా తెరవకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, మధ్యలో మార్చాల్సి వస్తే మొదటి నుంచి మొత్తం మళ్ళీ నడపండి. తిరస్కరించిన ఈవెంట్లను కూడా కారణంతో పాటు ఒక ఫైల్లో దాచి లిస్టుతో కలిపి ఇవ్వండి, తర్వాత కణాల డేటాతో వాటిని మళ్ళీ చూసేవాళ్ళకి మీ లిస్టు కంటే ఆ ఫైలే ఎక్కువ పనికొచ్చినా ఆశ్చర్యం లేదు.