క్లోజ్డ్ సాఫ్ట్‌వేర్‌లో సేన్ స్కానర్ డ్రైవర్లు కలపాలంటే

మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో చిన్న ఆఫీసులో కూర్చుని ఆడిటర్లకీ క్లినిక్‌లకీ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ రాసే మనవాళ్ళు, లినక్స్ దగ్గరికి వచ్చేసరికి సేన్ (SANE, స్కానర్లని నడిపే ఓపెన్ సోర్స్ డ్రైవర్ల కట్ట) పట్టుకుంటారు. అది జీపీఎల్ (ప్రోగ్రాం పంచితే దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) అని ఎవరో అనగానే టెన్షన్ మొదలు, మన కోడ్ అంతా బయటపెట్టాలేమోనని. అక్కర్లేదు, కానీ చూసుకుని కలపాలి.

సేన్ బ్యాకెండ్లలో, అంటే ఒక్కో రకం స్కానర్‌కి రాసిన డ్రైవర్లలో, ఎక్కువ భాగం జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతి వెర్షన్ కిందే ఉన్నా, ఫైలు మొదట్లో ఒక మినహాయింపు రాసి ఉంటుంది: లైబ్రరీని లింక్ చేసినంత మాత్రాన మీ ప్రోగ్రాం జీపీఎల్ కిందికి రాదు. చిక్కేమిటంటే అది అన్ని ఫైళ్ళలోనూ ఉండదు. సోర్స్ దింపుకుని బ్యాకెండ్ ఫోల్డర్‌లో ‘స్పెషల్ ఎక్సెప్షన్’ అన్న మాట లేని ఫైళ్ళని గ్రెప్‌తో, అంటే ఫైళ్ళలో మాటలు వెతికే కమాండ్‌తో, ఏరండి (క్యాపిటల్ ఎల్ ఆప్షన్, -L, సరిగ్గా ఇందుకే). దొరికినవాటిని తెరిచి లైసెన్స్ చదవండి, జీపీఎల్ మాత్రమే ఉంటే ఆ డ్రైవర్‌ని బిల్డ్‌లోంచి తీసేయండి. సేన్ హెడర్ ఫైలు మాత్రం పబ్లిక్ డొమైన్, దానితో గొడవ లేదు.

తీసేసిన మోడల్ కస్టమర్‌కి కావాల్సిందే అంటే, సేన్‌డీని (saned, స్కానర్‌ని నెట్‌వర్క్ మీద అందించే సేన్ సర్వర్ ప్రోగ్రాం) వేరే ప్రాసెస్‌గా నడిపి, ఆ డ్రైవర్‌ని మీ ప్రోగ్రాంలో లింక్ చేయకుండా 6566 పోర్టులో మాట్లాడించడం నాకు నచ్చిన దారి.

మినహాయింపు ఉంది కదా అని బ్యాకెండ్ సోర్స్ ఇవ్వడం మానకండి. బైనరీతో పాటు సోర్స్, లైసెన్స్ ఫైలు పెట్టేయండి. సోర్స్ తర్వాత ఇస్తామంటే కనీసం 3 ఏళ్ళు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి, ఆ తలనొప్పి ఎందుకు? డ్రైవర్‌లో మీరు మార్చిన లైన్లు కూడా అందులో ఉండాలి.