గర్భసంచి ముక్క పరీక్ష చేయించుకోవాలా వద్దా: నేను ఎలా తేల్చుకున్నానంటే

నాకు 52 ఏళ్ళకి పీరియడ్స్ ఆగిపోయాయి. మూడేళ్ళు ఏమీ లేదు. పోయిన శ్రావణంలో ఒకరోజు మిషన్ మీంచి లేచి చూసుకుంటే లేత గులాబీ రంగు లంగా మీద రూపాయి బిళ్ళంత మరక. తెనాలిలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. వరలక్ష్మీ వ్రతం ముందు బ్లౌజుల ఒత్తిడి ఎలా ఉంటుందో కుట్టేవాళ్ళకి తెలుసు. పండగ అయ్యాక చూద్దాంలే అని లంగా ఉతికి ఆరేశాను. మొత్తం ఐదు వారాలు అలా గడిపేశాను. అది తప్పు. మీరు అలా చేయకండి.

పీరియడ్స్ వరసగా 12 నెలలు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. ఆ తరువాత కనబడిన రక్తం ఎంత కొంచెమైనా, ఒక్కసారే అయినా, గోధుమ రంగు మరకే అయినా డాక్టరుకి చెప్పాలి. ఇలా రక్తం కనబడిన పదిమందిలో తొమ్మిదిమందికి అది క్యాన్సర్ కాదు. వయసుతో లోపలి పొర పల్చబడి, ఎండిపోయి రక్తం రావడం, పాలిప్ అనే చిన్న కండ పెరగడం లాంటివే ఎక్కువ. కానీ గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ మొదట కనబడేది ఈ మరకే. అందుకే భయపడి పరుగెత్తక్కర్లేదు, అలాగని పక్కన పెట్టకూడదు. ఇక పీరియడ్స్ ఇంకా ఆగకుండా ముందూ వెనకా అవుతున్నవాళ్ళు 45 దాటి ఉండి, రక్తం బాగా ఎక్కువగా పోతున్నా, మధ్యమధ్యలో కనబడుతున్నా వాళ్ళకీ ముక్క పరీక్ష మాట వస్తుంది, అంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి ల్యాబులో చూడడం (బయాప్సీ).

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో నేను కూర్చుని రెండు మాటలు చెప్పానో లేదో, "ఈ వయసులో గర్భసంచితో పనేముందమ్మా, తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నారు. వచ్చే వారానికి డేట్ కూడా చెప్పారు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

ఆ మాట వినగానే నాకు మా ఆడపడుచు గుర్తొచ్చింది. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే 34 ఏళ్ళకే గర్భసంచీ అండాశయాలూ రెండూ తీసేశారు. అండాశయాలు అంత చిన్న వయసులో తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఇప్పుడు ఆవిడకి 50 దాటాయి, మా మేడమెట్లు ఎక్కాలంటే నా భుజం పట్టుకోవాలి. ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రలో తొమ్మిదిమందికి దగ్గరగా, తెలంగాణలో ఎనిమిదిమంది ఉన్నారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలకి చెప్పింది కూడా.

అందుకని మన దగ్గర ఈ నిర్ణయం ఒకటి కాదు, రెండు. పరీక్ష లోపల ఏముందో తెలుసుకోవడానికి. ఆపరేషన్ తీసేయడానికి. పరీక్ష గురించి అడగడానికి వెళ్ళి ఆపరేషన్‌కి ఒప్పుకుని రాకండి. ఎలాగూ తీసేస్తారు కదా, మళ్ళీ పరీక్షెందుకు అనే మాట కూడా నమ్మకండి. ఒకవేళ క్యాన్సరే అయితే ఆ ఆపరేషన్ వేరుగా ఉంటుంది, క్యాన్సర్ సర్జన్ ప్లాన్ చేసి చేయాలి. తెలియకుండా మామూలుగా తీసేస్తే తరువాత మళ్ళీ కోయాల్సి రావచ్చు.

రెండో డాక్టరు దగ్గరికి గుంటూరు వెళ్ళాను. వెళ్ళేముందు బిల్లు పుస్తకం వెనక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకున్నాను. ఆఖరి పీరియడ్ ఎప్పుడు, మరక ఏ తేదీల్లో కనబడింది, ఏ మందులు వాడుతున్నాను, ఇంట్లో ఎవరికైనా గర్భసంచి, రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా. నాకు షుగరుంది, బరువు కూడా ఎక్కువే. ఈ రెండూ గర్భసంచి క్యాన్సర్ అవకాశాన్ని పెంచేవే. పిల్లలు పుట్టనివాళ్ళు, ఎప్పుడైనా పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నవాళ్ళు ఆ సంగతి అడక్కపోయినా చెప్పాలి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా చెప్పాలి, కానీ పరీక్ష కోసమని వాటిని సొంతంగా ఆపేయకూడదు.

ఆ డాక్టరు ముందు లోపలి స్కాన్ రాశారు. పొట్ట మీంచి చేసేది కాదు, కింద నుంచి సన్నటి గొట్టం పెట్టి చేసేది. నొప్పి ఉండదు, ఇబ్బందిగా ఉంటుంది అంతే. అందులో చూడాల్సింది గర్భసంచి లోపలి పొర మందం. పీరియడ్స్ ఆగాక రక్తం కనబడినవాళ్ళకి ఆ పొర 4 మిల్లీమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా చాలా తక్కువ, నూటికి ఒకటి కూడా ఉండదు. అప్పుడు ముక్క తీయకుండా ఆగవచ్చు. కానీ రక్తం మళ్ళీ మళ్ళీ వస్తుంటే పొర పల్చగా ఉన్నా ముక్క తీయాల్సిందే.

నాది 9 మిల్లీమీటర్లు వచ్చింది. ఇంటికొచ్చి టేపు తీసి చూసుకున్నాను. సెంటీమీటరుకి ఒక్క గీత తక్కువ. అంత చిన్న కొలత మీద ఇంత టెన్షనా అనిపించింది, కానీ రక్తం కనబడినవాళ్ళ విషయంలో 4 కీ 9 కీ తేడా పెద్దదే.

ఇక్కడ ఇంకో ఆవిడ సంగతి చెప్పాలి. మా షాపుకి వచ్చే ఒకావిడకి కడుపునొప్పని స్కాన్ తీస్తే పొర 6 మిల్లీమీటర్లుందని రిపోర్టులో రాశారు. ఆవిడకి ఒక్క చుక్క రక్తం కనబడలేదు. రిపోర్టు చూసి ఎవరో ముక్క తీయించుకోమన్నారట. రక్తం అసలు కనబడనివాళ్ళకి 4 అనే లెక్క వర్తించదు. అలాంటివాళ్ళకి 11 మిల్లీమీటర్ల దాకా, వేరే అనుమానాలేమీ లేకపోతే, వెంటనే ముక్క పరీక్ష అక్కర్లేదనే చాలామంది డాక్టర్లు అంటారు. ఆవిడ నాతో గుంటూరు వచ్చి డాక్టరుని అడిగింది, పరీక్ష వద్దనుకుంది. అది సరైన నిర్ణయమే. టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి ఆ మాత్ర వల్లే పొర మందంగా కనబడుతుంది కాబట్టి వాళ్ళ విషయంలో కొలత కంటే రక్తం కనబడిందా లేదా అన్నదే ముఖ్యం.

"పోయినేడు పాప్ స్మియర్ బాగానే వచ్చిందిగా" అని మా చెల్లెలంది. పాప్ స్మియర్ చూసేది గర్భసంచి ముఖద్వారాన్ని. లోపలి పొర సంగతి దాంతో తెలియదు.

ముక్క తీయాలని డాక్టరు చెప్పినప్పుడు నేను కొన్ని ప్రశ్నలు అడిగాను. మీరూ అడగండి. దేనికోసం వెతుకుతున్నారు? రిపోర్టు ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు? రిపోర్టు ఏదొచ్చినా చేసేది ఒకటే అయితే ఆ పరీక్షతో పని లేదు. కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది? ఓపీలోనే సన్నటి గొట్టంతో చేస్తారా, కెమెరా పెట్టి చూస్తారా, మత్తు ఇస్తారా? నొప్పికి ఏమిస్తారు? నేను ఆపమంటే ఆపుతారా?

ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి నాకు నోరు పెగల్లేదు. మావారు బయట కూర్చున్నారు, నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. చివరికి అడిగేశాను. "చెయ్యెత్తండి చాలు, ఆపేస్తాను" అన్నారు డాక్టరు. ఆ మాటతోనే ఒప్పుకున్నాను. సమాధానం చెప్పకుండా విసుక్కునే డాక్టరైతే వేరే చోటుకి వెళ్ళండి. ఒకటి రెండు వారాలు తేడా వస్తే కొంప మునగదు, నెలల తరబడి మాత్రం లాగకండి. చేసేది మగ డాక్టరైతే గదిలో ఆడమనిషి ఉండాలి, అది రోగి హక్కు.

నొప్పి గురించి దాచకుండా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. పైపెల్ అంటే 3 మిల్లీమీటర్ల లావుండే ప్లాస్టిక్ గొట్టం. ముందు బాతు ముక్కులాంటి పరికరం పెట్టి దారి తెరుస్తారు. పీరియడ్స్ ఆగినవాళ్ళకి అక్కడ పొడిగా ఉంటుంది కాబట్టి చిన్న సైజుది వాడమని, జెల్ రాయమని అడగండి. తరువాత గొట్టం లోపలికి పంపి, అందులోని సన్నటి పుల్లని వెనక్కి లాగితే ఆ ఊపుకి కొంచెం పొర గొట్టంలోకి వస్తుంది. నాకు ఆ లాగినప్పుడు కాన్పు ముందు వచ్చే నొప్పిలా పొత్తికడుపు పట్టేసింది. మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాను, నలభై దాకా వచ్చేసరికి అయిపోయింది. కొందరికి ఇంతకంటే తక్కువ ఉంటుంది, కొందరికి భరించలేనంత ఉంటుంది. మామూలు కాన్పులు కానివాళ్ళకి ముఖద్వారం బిగుతుగా ఉండి ఇంకా కష్టం కావచ్చు. అందుకే గంట ముందు నొప్పి మాత్ర అడగండి. ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్ళకి పడవు, డాక్టరు చెప్పిందే వేసుకోండి. ముఖద్వారం దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ కూడా ఇవ్వవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, నేను రెండు ఇడ్లీలు తినే వెళ్ళాను. అయ్యాక వెంటనే లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి.

ఆ తరువాత జరిగింది మన ఊళ్ళలో మామూలే. ముక్క వేసిన చిన్న సీసా మావారి చేతికిచ్చి పక్క వీధి ల్యాబులో ఇచ్చి రమ్మన్నారు. సీసా మీద పేరు లేదు. నేను బల్ల మీద పడుకునే ఆయన్ని పిలిచి చెప్పాను. నర్సు చేత పేరు, వయసు, తేదీ రాయించి, ముక్క మందులో మునిగి ఉందో లేదో చూపించమని అడిగి అప్పుడు తీసుకెళ్ళారు. ల్యాబు రసీదు ఫైల్లో పెట్టుకోండి. రిపోర్టు ఒరిజినల్ మీ దగ్గరే ఉండాలి. ఆసుపత్రి వాళ్ళు మీ రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

నా రిపోర్టు వారానికి వచ్చింది. "చూడడానికి సరిపడా కణజాలం లేదు" అని. ఏడుపొచ్చింది. అంత నొప్పి పడ్డది దేనికి?

పైపెల్ గుడ్డిగా తీసే ముక్క. పొరంతా మందంగా ఉంటే బాగా దొరుకుతుంది. ఒకే చోట పాలిప్ లాగా ఉంటే తప్పిపోవచ్చు. సరిపడా రాకపోవడం అంటే ఏమీ లేదని అర్థం కాదు, నా పొర 9 ఉంది కాబట్టి ఇంకా తేలలేదని అర్థం. అప్పుడు డాక్టరు హిస్టరోస్కోపీ అన్నారు. సన్నటి కెమెరా లోపలికి పంపి, సెలైన్‌తో లోపలంతా తెరిచి, చూస్తూ తీయడం. మెలకువగా ఉండగానే చేయవచ్చు, మత్తిచ్చీ చేయవచ్చు. మొదటిసారి పడ్డ నొప్పి గుర్తుంది కాబట్టి నేను మత్తు కావాలన్నాను. మత్తుకి ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ మాత్ర ఆ పొద్దున వేసుకోవాలా వద్దా అని ముందురోజే అడిగి తెలుసుకోవాలి. గర్భసంచికి చిన్న రంధ్రం పడే ప్రమాదం, ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉన్నాయి కానీ అరుదు. సంతకం పెట్టేముందు కాగితం చదివాను. "అవసరమైతే గర్భసంచి తొలగింపు" అని అచ్చువేసిన వరస ఉంది. అది కొట్టేయించి, చూసి ముక్క తీయడం, పాలిప్ ఉంటే తీయడం వరకే అని రాయించి సంతకం పెట్టాను. మీరు ఈ ఒక్కటి మాత్రం మర్చిపోకండి.

పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. లోపల ఉన్నది పాలిప్. రిపోర్టులో చెడు కణాలు లేవని వచ్చింది. నాలుగు రోజులు కొంచెం మరక పడింది. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, జ్వరం, వాసనొచ్చే ద్రవం, తగ్గని నొప్పి ఉంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళాలని చీటీ మీద రాసిచ్చారు, అవేమీ రాలేదు.

మీ రిపోర్టులో హైపర్‌ప్లేసియా (లోపలి పొర అతిగా పెరగడం) అనే మాట ఉంటే దాని పక్కన ఏముందో చూడండి. అటిపియా (కణాల తీరు మారడం) లేదని రాస్తే అది క్యాన్సర్‌గా మారే అవకాశం 20 ఏళ్ళలో నూటికి ఐదు కంటే తక్కువ. ప్రొజెస్టిరాన్ మాత్రలు, మిరేనా లాంటి హార్మోన్ లూప్‌తో తగ్గించవచ్చు, మళ్ళీ ముక్క తీసి చూస్తారు. అటిపియా ఉందని రాస్తే, అప్పుడు గర్భసంచి తీయమనడంలో న్యాయముంది. క్యాన్సర్ అని వస్తే క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్ళండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముక్క తీసిన అసలు స్లైడ్లు, బ్లాకులు ల్యాబు నుంచి అడిగి తీసుకెళ్ళండి, అక్కడ మళ్ళీ చూస్తారు.

రిపోర్టు బాగుందని ఫైలు అటక మీద పెట్టేయకూడదు. మళ్ళీ ఒక్క మరక కనబడినా పాత రిపోర్టుతో ధైర్యం తెచ్చుకోకుండా రమ్మని మా డాక్టరు చెప్పారు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. మిషన్ పక్కన గోడకి క్యాలెండర్ తగిలించుకున్నాను, బ్లౌజులు ఇచ్చే తేదీలు దానిమీదే రాసుకుంటాను. మరక కనబడితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలని పెట్టుకున్నాను. ఇంతవరకు చుట్టలేదు.