ఎర్రనేల బీడులో మేపు ఎలా తిప్పాలి

మాది అనంతపురం వైపు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన నేలలోకి దిగాలంటే, గొర్రెలు తినగా మిగిలిన గడ్డే దిక్కు. నేల బోసిపోతే చినుకుల దెబ్బకు పైమట్టి మెదిగి పెచ్చు కడుతుంది, నీళ్లు వంకల పాలవుతాయి.

బీడును కంపతోనో వలతోనో నాలుగు ముక్కలు చేయండి. తొలకరి పడగానే మందను తోలొద్దు. కొత్త చిగురు వేర్లలో దాచుకున్న బలంతో వస్తుంది. అప్పుడే కొరికితే వేరు కుంచించుకుపోతుంది. గడ్డి మోకాలెత్తుకు వచ్చాక వదిలి, నాలుగైదు అంగుళాలు మిగిలుండగానే పక్క ముక్కలోకి మళ్ళించండి. వానల్లో వారం మేపు, మూడు వారాల విరామం సరిపోవచ్చు. వానలు వెనక్కి తగ్గాక లెక్క పనిచేయదు, దుబ్బును చూసే నిర్ణయించాలి. నేల తడిగా ఉన్నప్పుడు మందను ఆపండి, గిట్టల కింద మట్టి గట్టిపడుతుంది. నల్లరేగడిలో ఈ బెడద ఇంకా ఎక్కువ.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. పగలంతా బీడులో మేపి, రాత్రి డబ్బులకో గింజలకో పక్కవాళ్ల చేలల్లో మంద కడతాం. అది మంచి ఆదాయమే, కాదనను. కానీ బీడు సారం పెంటికల రూపంలో ఏటా బయటికి పోతోంది కదా! అందుకే కొన్ని రాత్రులైనా మన బీడులోనే, బలహీనమైన చోట్ల, రోజుకో జాగా మారుస్తూ కట్టాలి. నా ఉద్దేశంలో ఇంత చవకైన ఎరువు మరోటి లేదు.

గడ్డి పలచబడ్డ చోట జూన్, జూలైలో స్టైలో అనే పశుగ్రాసపు గింజలు చల్లండి, ఎకరాకు 4 కిలోలు. గింజ తోలు గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో 4 నిమిషాలుంచి ఆరబెట్టాలి. పప్పుజాతి కాబట్టి నత్రజని చేరుస్తుంది. మొదటి ఏడాది విత్తనం రాలేదాకా మేపొద్దు.

మార్పు తెలియాలంటే అడుగు తీసిన డబ్బాను రెండంగుళాలు దిగ్గొట్టి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఏటా అదే నెలలో, అదే చోట చేయాలి. ముందు నీరు ఇంకడం మెరుగవుతుంది, కుళ్లిన గడ్డీ పెంటికల వల్ల మట్టిలో చేరే సేంద్రియ కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుంది. భూసార పరీక్షలో అది 0.5 శాతం లోపుంటే తక్కువ కింద లెక్క. నమూనాకు ఆరంగుళాల లోతు మట్టి తీయండి. నీళ్ల తొట్టి దగ్గర, చెట్ల నీడన, మంద కట్టిన జాగాల్లో మాత్రం తీయకండి.