రోల్‌ప్లే కథ ఆగిపోతోందా? కొత్త మలుపు వెతికే ముందు ఇవి చూడండి

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే: "అక్కా, గ్రూపులో మూడు రోజులుగా ఎవరూ రాయడం లేదు. ఏదైనా కొత్త ప్లాట్ చెప్పండి." బరంపురంలో కూర్చుని ఏళ్లుగా తెలుగు టెక్స్ట్ రోల్‌ప్లే, అంటే తలా ఒక పాత్ర తీసుకుని వంతులవారీగా పోస్టులు రాస్తూ కథ నడిపే ఆట, నడుపుతున్నాను. డిస్కార్డ్‌లో, టెలిగ్రామ్‌లో ఇలా ఆగిపోయిన కథలు చాలా సరిచేశాను. కొత్త ప్లాట్ అవసరమైన కథలు వాటిలో చాలా తక్కువ. పాత్రను తయారు చేసుకోవడం, పోస్టు రాయడం మీకు వచ్చనే అనుకుని నేరుగా సమస్యల్లోకి వెళ్తున్నాను.

సమస్య: కథ ఉన్నట్టుండి ఆగింది, ఎవరూ రాయడం లేదు

చివరి పోస్టు తెరవండి. దయచేసి ముందు ఇది చేయండి. పదిమందికి చెబితే తొమ్మిదిమంది దీన్ని దాటేసి, తుఫాను తెస్తారు, దొంగల్ని దింపుతారు, కొత్త పాత్రను పుట్టిస్తారు. చివరి పోస్టులో ఇంకొకరు పట్టుకోవడానికి ఏమైనా ఉందా? చూడాల్సింది అంతే.

మా కథ ఒకటి 1900లో, నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైన కాలంలో నడిచేది. అందులో ఒక పోస్టు ఇలా ముగిసింది: "రాజయ్య రైలు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా చీకట్లో వెళ్లిపోయాడు." చదవడానికి బాగుంది. కానీ స్టేషన్‌లో ఉన్న మిగతా నలుగురికి చేయడానికి పని లేదు. దాన్నే ఇలా మార్చాం: "రాజయ్య దిగుతుంటే సంచిలోంచి ఒక తాళంచెవి జారి గుమాస్తా కాళ్ల దగ్గర పడింది. అతను చూసుకోలేదు." గంటలో మూడు పోస్టులు వచ్చాయి. ప్రశ్న, పడిపోయిన వస్తువు, సగంలో ఆగిన మాట, తలుపు చప్పుడు, ఏదైనా సరే. పోస్టు చివర ఒకటి ఉండాలి.

సమస్య: ఇద్దరే రాస్తున్నారు, మిగతావాళ్లు "సూపర్" అని పెట్టి వెళ్లిపోతున్నారు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. చూడ్డానికి ఆట బాగా నడుస్తున్నట్టే ఉంటుంది. పోస్టులు పొడుగ్గా ఉంటాయి, భాష బాగుంటుంది, చివరి పోస్టు చూసినా తప్పు దొరకదు. మిగతావాళ్లకు ఆసక్తి తగ్గిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రైలు కథలోనే గార్డు పాత్ర, బరంపురం పట్టు వర్తకుడి కూతురి పాత్ర మధ్య ఒక రహస్యం నడుస్తోంది. ఇద్దరూ మంచి రచయితలు. నేను మిగతావాళ్లకు పనులు కల్పించాను, వరద తెచ్చాను, వంతెన మూయించాను. ఎవరూ కదల్లేదు. రెండు నెలల తర్వాత పోస్ట్‌మ్యాన్ పాత్ర రాసే తమ్ముడు నాతో విడిగా అన్నాడు: "అక్కా, నేనేం రాసినా వాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతున్నారు. అంతా ముందే అయిపోయినట్టుంది."

నిజంగానే అయిపోయింది. ఎవరు ఉత్తరం రాస్తారు, ఎవరు ఏడుస్తారు, ఏ రోజు పారిపోతారు, అంతా ఆ ఇద్దరూ ప్రైవేట్ చాట్‌లో తేల్చుకున్నారు. ఛానెల్‌లోకి వచ్చేది దాని సాఫు ప్రతి మాత్రమే. వాళ్లకు చెడు ఉద్దేశం లేదు, కథ మీద ప్రేమతోనే చేశారు. కానీ మిగతావాళ్లు ఆటగాళ్ల నుంచి ప్రేక్షకులుగా మారిపోయారు.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకు మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. ఆ వేషానికి వీధి కావాలి. ఎదురొచ్చే జనం ఆగుతారు, పిల్లలు భయపడతారు, ఎవరో నవ్వుతారు, వేషగాడు దానికి తగ్గట్టు మారతాడు. మన ఆటకూ అలాంటి వీధి ఉండాలి. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, తర్వాత రిచర్డ్ బార్టిల్ కలిసి మడ్ (MUD) అనే, చాలామంది ఒకేసారి ఆడే టెక్స్ట్ ఆట తయారు చేసినప్పటి నుంచి ఇలాంటి ఆటలకు ఆధారం 'గది'. గదిలో జరిగింది అక్కడున్నవాళ్లకు కనిపిస్తుంది, వాళ్లు చెయ్యి పెట్టగలరు. ఇప్పటి ఛానెల్, థ్రెడ్ కూడా ఆ గదిలాంటివే.

ఎలా కనిపెట్టాలంటే, పాత పోస్టులు ఒక ఇరవై వెనక్కి వెళ్లి చదవండి. మూడోవాళ్లు ఏదైనా అందించినప్పుడు ఆ ఇద్దరి పాత్రలు ఒక్క క్షణమైనా దారి మార్చుకున్నాయా? మా పోస్ట్‌మ్యాన్ తడిసిన ఉత్తరం తెచ్చి నిలబడితే, ఆ అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అక్కడ దొరికింది నాకు. ఇంకో గుర్తు, ఛానెల్‌లో ఎవరూ చెప్పని విషయం పాత్రకు తెలిసి ఉండటం. మూడోది, రెండు పొడుగాటి పోస్టులు నిమిషాల తేడాతో వచ్చి పడటం. అంత వేగంగా ఎవరూ ఆలోచించి రాయరు, ముందే రాసుకుంటే తప్ప.

ప్రైవేట్ చాట్‌ను నిషేధించకండి. నేను నిషేధించాను, వాళ్లు నొచ్చుకున్నారు, ఒకరు వెళ్లిపోయారు. ఇప్పుడు మా గ్రూపులో ఒకటే నియమం: చాట్‌లో ప్రశ్న వరకే మాట్లాడుకోవాలి, జవాబు సీన్‌లోనే దొరకాలి. "వీళ్లు పారిపోవాలనుకుంటారు" అనుకోవచ్చు. పారిపోగలిగారా లేదా అన్నది తేల్చకూడదు. అనుకున్నది రెండు లైన్లలో ఓఓసీ ఛానెల్‌లో (పాత్రలుగా కాక మనం మనంగా మాట్లాడుకునే చోట) పెట్టాలి, అప్పుడు మిగతావాళ్లు ఎక్కడ అడ్డుపడవచ్చో చూసుకుంటారు.

ఇప్పటికే పాడైన కథకైతే పోస్టులు చెరిపేయకండి. ముందే తేల్చుకున్న వాటిలో తలా ఒకటి వదులుకోమని ఆ ఇద్దరినీ అడగండి. వదిలిన దాన్ని మూడోవాళ్ల చేతిలో పెట్టండి. మేం పారిపోయే తేదీ ఉన్న ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ సంచిలో వేశాం. ఇవ్వాలా, తండ్రికి చూపించాలా, దాచుకోవాలా అన్నది అతని ఇష్టం. వారం రోజులు ఆ ఉత్తరం చుట్టూ ఏడుగురు రాశారు.

సమస్య: పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయి

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడారు, సవర భాష నేర్చుకుని దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ఊళ్లో కథ పెట్టి గార్డు, కూలీ, వర్తకుడు అందరి చేతా పుస్తకం భాష మాట్లాడిస్తే నాకు బాధగా ఉంటుంది. పాత్రకు ఒక అలవాటు మాట, ఒక యాస, అసలు పలకని ఒక మాట ఎంచుకోండి. గంజాం తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి, కలవనివ్వండి. సవర పాత్ర రాసేవాళ్లు మాత్రం తెలుగును వంకరగా రాసి అదే యాస అనకండి.

సమస్య: ప్రతి గొడవా ఆటగాళ్ల మధ్య గొడవ అవుతోంది

ఎదుటివాళ్ల పాత్రకు ఏం జరిగిందో మీరే రాస్తున్నారు. "కొట్టాడు, వాడు పడ్డాడు" అని కాకుండా "కొట్టబోయాడు" దగ్గర ఆగండి. పడాలో తప్పించుకోవాలో ఆ పాత్ర రాసేవాళ్లు చెబుతారు.

బాట్ పనిచేయకపోవడం, పాచికల లెక్క తప్పడం, టైమ్ జోన్లు వంటివాటి వల్ల కథ ఆగడం చాలా అరుదు. వాటి వెంట పడి టైమ్ పాడుచేసుకోకండి. ఎవరైనా పరీక్షలకు వెళ్తే వాళ్ల పాత్రను చంపకండి. ఏదో పని చెప్పి నౌపడా పంపించండి, పరీక్షలయ్యాక తిరుగు రైలు ఎక్కించండి.