లోపలి గోడకు సొంతంగా ప్లాస్టరింగ్

ప్లాస్టరింగ్ నిలుస్తుందా, రాలిపోతుందా అన్నది చాలావరకు గోడను సిద్ధం చేయడంలోనే తేలిపోతుంది. పాత పూతను తాపీ పిడితో తట్టుతూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతిచోటా ఇటుక కనిపించేదాకా చెక్కివేసి, దుమ్ము దులిపి, గోడను బాగా తడపాలి. మాలులోని (సిమెంటు, ఇసుక, నీరు కలిపిన మిశ్రమంలోని) నీటిని పొడి ఇటుక పీల్చేస్తే పూత గట్టిపడక ముందే బీటలిస్తుంది. అయితే పూసే వేళకు గోడ చెమ్మగా ఉండాలే గాని నీరు కారకూడదు. కాంక్రీటూ ఇటుకా కలిసేచోట ఇనుప వల బిగించాలి.

ఒక పాలు సిమెంటుకు 5 పాళ్ల జల్లించిన ఇసుక చొప్పున, అరగంటలో వాడగలిగినంత మాలునే కలుపుకోవాలి. దానిని సుమారు 12 మిల్లీమీటర్ల మందంలో ఒత్తి పూసి, బద్దతో లాగి ఎత్తుపల్లాలు సరిచేసి, వేలికి అంటుకోని దశలో చెక్క పలకతో గుండ్రంగా రుద్దాలి. నునుపు కోసం పొడి సిమెంటు చల్లే అలవాటు మాత్రం మంచిది కాదు, దానివల్ల సన్నని పగుళ్లు వస్తాయి. మరునాటి నుంచి కనీసం 7 రోజులు తడపాలి.