అరకు లైను నమూనాకి నేల కుదిరిందిలా

అరకు రైలు లైను నమూనా చేస్తూ నేలకి ఆర్కే బీచ్ ఇసుక చల్లాను. అదే తప్పు. వారం తిరక్కుండా ఉప్పు తెల్లగా పూసింది, వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందేగా! పైగా 1:87 స్కేలులో మిల్లీమీటరు రేణువంటే దాదాపు 9 సెంటీమీటర్ల రాయి.

అంతా గీకేశాను. పెరట్లో ఎర్రమట్టి ఎండబెట్టి, అమ్మ పాత వాయిల్ చీరముక్కలో వస్త్రగాళితం పట్టాను. (భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి పోలేదు, అక్కడ తవ్వకూడదు.) చెట్ల కింద ఆకుచెత్తకి వాడేసిన టీపొడి, కరకరా ఎండకపోతే బూజు ఖాయం.

ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి చుక్కలు వేస్తే మట్టిమీద పూసల్లా దొర్లిపోయాయి. గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలిపాక ఇట్టే ఇంకాయి. తడిలో పాలలా తెల్లగా ఉండి కంగారు పెట్టింది గానీ, తెల్లారేసరికి ఆ తెలుపే లేదు.